రాడార్ తెర - వెండితెర

ఎగిరే పళ్ళాల సినిమా వచ్చినప్పుడల్లా "అంతా కట్టుకథ" అని కొట్టిపారేసే పెద్దమనుషులుంటారు. "అంతా నిజమేనండీ బాబూ" అని బల్ల గుద్దే కుర్రాళ్ళూ ఉంటారు. నేను ఏ జట్టులోనూ లేను. నా ధ్యాసంతా ఆ పళ్ళాన్ని చూశానని చెప్పిన మనిషి మీదే.

1951లో రాబర్ట్ వైజ్ "ది డే ది ఎర్త్ స్టూడ్ స్టిల్" తీశాడు. అందులో పైలోకం ఓడను ముందుగా పసిగట్టేది రాడార్ వాళ్ళు. అది వచ్చి దిగేది వాషింగ్టన్‌లో. సరే, సినిమా కదా అనుకున్నారు జనం.

ఏడాది తిరక్కుండానే ఏమైందో చిత్తగించండి. 1952 జూలై 19, రాత్రి 11 గంటల 40 నిమిషాలు. అదే వాషింగ్టన్ విమానాశ్రయంలో రాడార్ తెర మీద ఏడు చుక్కలు! ఆ దారిన రావలసిన విమానాలేవీ లేవు. పెద్ద కంట్రోలరు హారీ బార్న్స్ యంత్రాన్ని తనిఖీ చేయించాడు. లోపం లేదు. ఆండ్రూస్ వైమానిక స్థావరం వాళ్ళూ చూశామన్నారు. కేపిటల్ ఎయిర్‌లైన్స్ పైలట్ ఒకాయన ఆరు వెలుగుల్ని కళ్ళారా చూశానన్నాడు. తెల్లవారుజామున జెట్ విమానాలు వచ్చేసరికి చుక్కలు మాయం. అవి వెళ్ళగానే మళ్ళీ ప్రత్యక్షం! వారం తిరిగేసరికి, 26 రాత్రి, మళ్ళీ అదే తంతు.

29న పెంటగాన్‌లో మేజర్ జనరల్ శాంఫోర్డ్ పత్రికల వాళ్ళను పిలిచి, ఇది వేడిగాలి పొర చేసిన మాయ కావచ్చునన్నాడు. మామూలుగా పైకి వెళ్ళే కొద్దీ గాలి చల్లబడుతుంది. కొన్ని వేసవి రాత్రులు కింద చల్లగాలి, పైన వేడిగాలి ఉంటుంది. అప్పుడు రాడార్ తరంగం వంగి నేల మీది వస్తువుకు తగిలి తిరిగొస్తుంది. తెర మీద మాత్రం ఆకాశంలో ఏదో ఉన్నట్టు కనబడుతుంది. అబద్ధమేమీ కాదు, శాస్త్రమే. కానీ బార్న్స్ ఒప్పుకోలేదు. రోజూ ఆ తెర ముందే కూర్చునేవాడాయె!

అసలు తమాషా తర్వాత ఉంది. 1953 జనవరిలో సి.ఐ.ఏ. వారు రాబర్ట్‌సన్ అధ్యక్షతన శాస్త్రజ్ఞుల కమిటీ వేశారు. జనంలో ఈ పళ్ళాల మోజు తగ్గించడానికి టెలివిజన్, సినిమాలు వాడండని కమిటీ సలహా. నివేదికలో వాల్ట్ డిస్నీ కార్టూన్ల ప్రస్తావన కూడా ఉంది!

సినిమా వాళ్ళు ఊరుకుంటారా? 1956లో "ఎర్త్ వర్సెస్ ది ఫ్లయింగ్ సాసర్స్"లో రే హారీహౌసెన్ తన బొమ్మ పళ్ళాల్ని వాషింగ్టన్ భవనాల మీదే కూల్చాడు. మోజు తగ్గడమా, పెరగడమా మీరే చెప్పండి.

నాకు నచ్చింది మాత్రం 1977లో స్పీల్‌బర్గ్ తీసిన "క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది థర్డ్ కైండ్". వైమానిక దళానికి ఏళ్ళ తరబడి ఈ విషయంలో సలహాదారుగా ఉన్న ఖగోళ శాస్త్రజ్ఞుడు హైనెక్ ఆ సినిమాకూ సలహాదారు. పేరు కూడా ఆయన పెట్టిన మాటే. అందులో రాడార్ గది సీనొకటుంది. వింత వెలుగు చూసిన పైలట్లను "రిపోర్టు ఇస్తారా?" అనడుగుతారు. ఇద్దరూ వద్దనేస్తారు. నవ్వులపాలవుతామని భయం.

ఎన్ని పళ్ళాలు దిగినా ఆ "వద్దు" ముందు దిగదుడుపే. 1952లో బార్న్స్, ఆయన తోటివాళ్ళు ఆ మాట అనలేదు. అది వేడిగాలే కానివ్వండి, చూసింది చూసినట్టు చెప్పారు. రేపు మీ డాబా మీద ఏదైనా వెలుగు కనబడితే మీరు చెబుతారా, దుప్పటి ముసుగు తంతారా?