ఎర్ర బుష్ మహిమ

మా సీతారాండేరాలో శ్రీకాకుళం వైపు నుంచి టాటా కంపెనీలో పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. కారు కొంటే ముందు చేసే పని నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు కట్టడం. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ వస్తే మెకానిక్ షెడ్డులో పానాలకు కూడా బొట్టు పెడతారు. నేను హేతువాదిని కాబట్టి ఇవేవీ చెయ్యను. అలాంటి నేను కూడా ఒక మహిమను నమ్మి డబ్బు తగలేశాను. ఆ మహిమ పేరు పాలీయురేథేన్.

నా కారు కొని 11 ఏళ్ళయింది. గతుకుల్లో పడితే ముందు చక్రాల దగ్గర టకటకమని చప్పుడు, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగడం మొదలయ్యాయి. లోయర్ ఆర్మ్ బుష్‌లు చిరిగిపోయాయని మెకానిక్ చూపించాడు. "రబ్బరు ఎందుకు సార్, మెత్తటిది. పాలీ వేయించండి, గట్టిది, జీవితాంతం ఉంటుంది" అన్నాడు. రబ్బరు కన్నా రెండింతలకు పైగా పెట్టి ఎర్రటి పాలీ బుష్‌లు వేయించాను. చప్పుడు పోయింది, బండి తిన్నగా పోతోంది. కనపడిన ప్రతివాడికీ పాలీ గొప్పతనం చెప్పాను.

మా ఆవిడ ఒక్క ప్రశ్న వేసింది: "కొత్త రబ్బరువి వేసినా చప్పుడు పోయేదే కదండీ?"

నా దగ్గర సమాధానం లేదు. తాయెత్తు కట్టాక జ్వరం తగ్గిందని ఎవరైనా అంటే "కట్టకపోతే తగ్గేది కాదని ఎలా తెలుసు?" అని అడిగేవాణ్ణి నేనే. కొత్త పాలీని కొత్త రబ్బరుతో పోల్చాలి. నేను చిరిగిపోయిన పాత రబ్బరుతో పోల్చాను. పైగా, జీవితాంతం ఉండదన్న ఆ రబ్బరే 11 ఏళ్ళు వచ్చింది!

అసలు ఈ రెండూ ఎలా పనిచేస్తాయో చూద్దాం. రబ్బరు బుష్‌లో లోపలి ఇనుప గొట్టానికీ, బయటి గొట్టానికీ మధ్య రబ్బరు అతుక్కుని ఉంటుంది. ఆర్మ్ ఊగినప్పుడు రబ్బరే మెలి తిరిగి మళ్ళీ మామూలుగా అవుతుంది. రాపిడి లేదు, గ్రీజు అక్కర్లేదు. చాలా పాలీ బుష్‌లలో ఈ అతుకు ఉండదు, గొట్టం పాలీ లోపల తిరుగుతుంది. అందుకే గ్రీజు కావాలి. గ్రీజు పోయి మట్టి, నీళ్ళు చేరితే కిర్రుమంటుంది. మొదటి వానాకాలానికే నాది కిర్రుమంది. మా అమ్మ వెనక సీట్లో కూర్చుంటే ప్రతి గతుకూ నడుముకు తగులుతోందంది. ఇదీ ఒక్క కారు అనుభవమే, ఋజువు కాదు. కానీ కారణం మాత్రం తెలిసిందే. షోర్ ఎ కొలతలో సస్పెన్షన్ రబ్బరు సాధారణంగా 50 నుంచి 70 దాకా ఉంటే, పాలీ 70 నుంచి 95 దాకా ఉంటుంది. గట్టి బుష్ అదురును మింగదు, బాడీకి పంపిస్తుంది.

తెలుగులో "గట్టి" అన్న మాటతోనే చిక్కు. నొక్కితే లొంగనిదీ గట్టిదే, ఎక్కువకాలం మన్నేదీ గట్టిదే. మెకానిక్ మొదటి అర్థంలో నిజం చెప్పాడు, నేను రెండో అర్థంలో విన్నాను. అతను మోసగాడు కాదు, అతనూ నమ్మాడు.

పాలీ పనికిరాదని నేననడం లేదు. నూనె తగిలితే మామూలు రబ్బరు కన్నా బాగా తట్టుకుంటుంది. రేసు కారులో స్టీరింగ్ తిప్పగానే బండి తిరగడానికి పనికొస్తుంది. యాంటీ రోల్ బార్ బుష్‌లకు వేసినా పెద్ద ఇబ్బంది లేదు. కానీ అన్ని వైపులకూ కదలవలసిన చోట గట్టి బుష్ ఆర్మ్‌ను బిగబట్టేస్తుంది. పాలీలోనూ రకాలున్నాయి. పాలియెస్టర్ రకం వేడికీ తేమకూ పాడవుతుంది, పాలీఈథర్ రకం నీటిని బాగా తట్టుకుంటుంది. "పాలీ" అన్న ఒక్క మాట ఏమీ చెప్పదు.

రబ్బరుకు చెడ్డపేరు రావడానికి ఇంకో కారణం ఉంది. జాకీ మీద చక్రాలు వేలాడుతుండగానే బుష్ బోల్టు పూర్తిగా బిగించేస్తారు. బండి కిందికి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉంటుంది, త్వరగా చిరిగిపోతుంది. తప్పు బిగింపుది, నింద రబ్బరుకి. మూఢనమ్మకాలు పుట్టేది ఇలాగే. చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చెయ్యాలి.

చివరికి మళ్ళీ రబ్బరువే వేయించాను, పక్కన నిలబడి అలాగే బిగింపించాను. మన వాడకానికి అదే సరి అని నా అభిప్రాయం.

నిమ్మకాయలు కట్టేవాడికి పోయేది పది రూపాయలు. ఏమీ కట్టని నాకు పోయింది వేలల్లో. జ్యోతిష్యుడిని అడిగే ప్రశ్న మెకానిక్‌నీ అడగండి, మిమ్మల్ని మీరూ అడుక్కోండి: మేలు జరిగిందంటున్నారు సరే, దేనితో పోల్చి?