తూచిన చేతికి ఉండే బాకీ

పోయిన నెల మా పేట ఆసుపత్రిలో, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టున్న ఒక అమ్మాయి నా నడుము చుట్టూ టేపు వేసి, "అమ్మమ్మగారూ, ఊపిరి వదిలెయ్యండి" అంది. వదిలాను. 94 సెంటీమీటర్లు. ఆడవాళ్లకి 80 దాటకూడదు. ఆ మాట నేనే ఎంతోమందికి చెప్పాను. ఏఎన్ఎంగా ముప్పై ఒక్క ఏళ్లు కొల్లేటి లంకల్లోనూ, చివర్లో ఏలూరులోనూ పనిచేసి 2022లో రిటైరయ్యాను.

"మన నడుం కొలతతో గవర్నమెంటుకేం పనత్తయ్యా?" అంటాడు మా అల్లుడు. తీసిపారేయాల్సిన ప్రశ్న కాదది. అయినా నేను అతని పక్షం కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన నాటినుంచి ప్రభుత్వం మన కంచంలోనే ఉంది. అది రాకముందు లంకల్లో గంజితో పడుకున్న ఇళ్లుండేవని అక్కడి ముసలమ్మలు నాకు చెప్పేవారు. కంచంలోకి రమ్మన్నవాళ్లం, నడుము దగ్గరకు రావద్దంటే ఎలా? నా తగువు వేరే.

నేను చేరిన కొత్తలో అంగన్‌వాడీ దూలానికి స్ప్రింగు త్రాసు కట్టి, బిడ్డని గుడ్డ లాగులో దించి వేలాడదీసేవాళ్లం. తల్లులు ఒప్పుకునేవారు కాదు. పసిబిడ్డని తూస్తే దిష్టి తగులుతుందని కొంగు కప్పేసేవారు. ఏడాది తిరిగేసరికి వాళ్లే పిల్లల్ని ఎత్తుకుని వచ్చారంటే కారణం నా మాటకారితనం కాదు. తూకం అయ్యాక ఆ బిడ్డకి అంగన్‌వాడీలో పౌష్టికాహారం ఇచ్చేవారు. నా సంచిలోంచి విటమిన్ ఏ చుక్కలు, తల్లికి ఐరన్ మాత్రలు వచ్చేవి. కార్డు మీద చుక్క కింది గీతలో పడితే మా సూపర్‌వైజరమ్మ నన్ను నిలదీసేవారు, తల్లిని కాదు. తూచినందుకు మేం ఆ బిడ్డకి బాకీ పడ్డట్టే.

ఇప్పుడు త్రాసు అదే, ప్రశ్న తిరగబడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 36 మంది ఉండాల్సినదానికంటే బరువున్నారు. అదే సర్వేలో నూటికి దాదాపు 59 మందికి రక్తం తక్కువ. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, తిండి ఎక్కువై లావెక్కారని అనడానికి నాకు నోరు రాదు. కడుపు నిండుతోంది, ఒంటికి కావలసింది మాత్రం అందడం లేదు.

2024 నవంబరులో రాష్ట్రమంతటా ఇంటింటికీ తిరిగి బీపీ, షుగరు చూడటం మొదలైంది. మంచి పని. ఆ మరుసటి ఏడాది కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వెళ్లి, నేను పనిచేసిన లంకలో ఆగాను. నా తర్వాత వచ్చిన అమ్మాయి ఫోనులో గళ్లు నింపుతోంది. పాపం, తలెత్తే తీరిక లేదు. అరుగు మీద కూర్చున్న ఒకావిడ, ఆవిడ పెద్దకొడుకు పుట్టినప్పుడు నేనే పక్కనున్నాను, నా చెయ్యి పట్టుకుంది. "నర్సమ్మగారూ, రోజూ నడవాలంటున్నారండి. ఎక్కడ నడవనండి? ఈ పక్క చెరువు, ఆ పక్క చెరువు, మధ్యలో మేత లారీలు."

ఆవిడ ఒకప్పుడు నడవమని చెప్పించుకునే మనిషి కాదు. ఊడ్పులకి, కలుపులకి, కోతలకి పొద్దున్నే పోయేది, నీళ్ల బిందె మోసేది. 1970ల్లో మత్స్యకార సంఘాలు పెట్టించి కొల్లేటిలో చేపల చెరువులు తవ్వించింది ప్రభుత్వమే. తర్వాత ఎవరెవరో తవ్వుకుంటూ పోతే, 2006లో గట్లు పేల్చిందీ ప్రభుత్వమే. ఈ మధ్యలో చుట్టుపక్కల వరిచేలూ చెరువులయ్యాయి. చెరువు మీద పని నలుగురైదుగురు మగవాళ్లతో సరిపోతుంది. ఆడవాళ్లకి ఇల్లే మిగిలింది. తాగే నీళ్లు టిన్నులో కొనుక్కోవాలి. ఇంట్లో డిపో బియ్యం ఉంది, మనిషికి నెలకి 5 కిలోలు. అన్నం తగ్గించమంటే ఆ జాగాలో ఏం పెట్టుకోవాలో ఆ ఫోనులో గడి లేదు. ఆవిడ ఒంటి బరువు వెనకాల యాభై ఏళ్ల సర్కారు నిర్ణయాలున్నాయి. ఆ బరువుని ఆవిడ బద్ధకం కింద రాసుకుంటే నేను సహించలేను.

మా చెల్లెలు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు దగ్గర సాయంత్రాలు బజ్జీలు, పునుగులు వేస్తుంది. 2025 ఫిబ్రవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో వంటనూనె 10 శాతం తగ్గించమన్న రోజు రాత్రి ఫోను చేసి, "అక్కా, నేను చేసేది తప్పుపనంటావా?" అని అడిగింది. గొంతులో బెంగ. దానికి గిట్టుబాటయ్యేది పామాయిలే. ఏలూరు పక్కన పెదవేగిలో కేంద్రం ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ నడుపుతోంది. ఆ సాగు పెంచడానికి 2021లో 11,040 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. రైతుకి మంచి పంటే, కాదనను. అంతే శ్రద్ధ కందిపప్పు మీద, చిరుధాన్యాల మీద పెట్టి, అవి బియ్యంలా డిపోకి నెలనెలా వచ్చేలా చూసిన రోజున మా చెల్లెలి మూకుడు గురించి మాట్లాడండి, నేనే దానికి నచ్చజెబుతాను.

జపాన్‌లో 2008 నుంచి 40 దాటినవాళ్ల నడుము ఏటా కొలుస్తున్నారు. మగవాళ్లకి 85 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 90 హద్దు. హద్దు దాటిన మనిషికి జరిమానా లేదు. వాళ్లని పిలిచి, కూర్చోబెట్టి, దారి చూపాలి. ఆ పని సరిగా చెయ్యని బీమా సంస్థ మీద ఆర్థిక భారం పడుతుంది. మా సూపర్‌వైజరమ్మ గుర్తొచ్చారు నాకు.

ఇంకొకటి నన్ను నిద్రపోనివ్వదు. 2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు వన్‌టౌన్‌లో మనుషులు నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే మూర్ఛతో పడిపోయారు. దక్షిణపు వీధి, పడమర వీధి, కొత్తపేట. ఆరు వందల మంది పైనే. మేమంతా ఇళ్ల వెంట తిరిగాం. ముఖ్యమంత్రి వచ్చారు, ఢిల్లీ, హైదరాబాద్ నుంచి శాస్త్రవేత్తలు వచ్చారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, చివరికి పురుగుమందుల అవశేషాలు కారణం కావచ్చన్నారు. నెల తర్వాత ఒక ముసలమ్మ నన్ను గుమ్మంలో ఆపింది. "అమ్మా, నా రగతం పట్టుకెళ్లారు కదా, అందులో ఏముందంట?" నా దగ్గర కాగితం లేదు. "తగ్గిపోయింది కదమ్మా" అన్నాను. "తగ్గింది సరే, ఏముందంట?" అని మళ్లీ అడిగింది. ఆవిడ బిందెలో నీళ్లు, బండి మీద కొన్న వంకాయలు అప్పుడెక్కడివో ఇప్పుడూ అక్కడివే. వాటి గురించి ఆవిడ చెయ్యగలిగింది ఏదీ లేదు. చెయ్యగలిగినవాళ్లు ఆవిడ రక్తం తీసుకుని వెళ్లిపోయారు.

పోయిన నెల ఆసుపత్రిలో టేపు తీశాక ఆ అమ్మాయి 94 అని ఫోనులో కొట్టుకుని, "అయిపోయింది, వెళ్లొచ్చండి" అంది. నేను లేవలేదు. "నా అంకె నాకు కాగితం మీద రాసియ్యి తల్లీ. మళ్లీ ఎప్పుడు రావాలో, ఎవరు చూస్తారో కూడా రాయి" అన్నాను. సొరుగంతా వెతికి, మాత్రల అట్ట పెట్టె ఒకటి చింపి, దాని వెనక్కి తిప్పి రాసింది. తేదీ దగ్గర కొంచెంసేపు ఆగి, లోపలికి వెళ్లి ఎవరినో అడిగి వచ్చింది.