గాజులెక్కని చేయి



కొన్ని యేండ్ల క్రిందట మన మారిషసు దీవిలోనే యొక యింట సీమంతము జరుగుచుండెను. మంత్రము చెప్పుచున్నవాడను నేనే. ముత్తైదువలు గాజులు తొడుగుటకై పిల్ల చేయి పట్టుకొనిరి. నెల క్రిందట కొలత చూచి కొన్న గాజులవి, మణికట్టు దాటలేదు. సబ్బునీరు రాచినను దాటలేదు. "తొలిచూలు గదా, నీరు పట్టుట సహజమే" యని అందఱు నవ్విరి. నేనును నవ్వితిని. ఆ నవ్వు తలచుకొన్న నాకిప్పటికిని సిగ్గు కలుగును.

నవ్వనిది పిల్ల పినతల్లి యొక్కతెయే. "అమ్మాయీ, తల నొప్పిగా నున్నదా?" యని యడిగెను. "రెండు దినములనుండి యున్నది పిన్నీ. ఇప్పుడు కన్నులముందు మెఱుపులు తోచుచున్నవి, హోమధూమమేమో" యని పిల్ల చెప్పెను. హారతి కాకమునుపే ఆమెను ఆసుపత్రికి గొనిపోయిరి. అచ్చట రక్తపుపోటు 170/110 ఉండెను.

నేను వైద్యుడను గాను. నా చదువు ప్రాథమిక పాఠశాలతో ముగిసినది. అయినను ఆనాటినుండి వైద్యులను విచారించి తెలిసికొన్నది వ్రాయుచున్నాను.

ఈ వ్యాధిని ప్రీఎక్లాంప్సియా యందురు. గర్భము 20 వారములు నిండిన పిదప పోటు 140/90 గాని అంతకు మించిగాని యుండి, మూత్రమున మాంసకృత్తులు పోవుట గాని, మూత్రపిండములు, కాలేయము మొదలగునవి చెడుట గాని దీని లక్షణము. ముదిరి మూర్ఛలు వచ్చినచో అది ఎక్లాంప్సియా. తెలుగున గుర్రపువాతమని పేరు. దీని మూలము మావియందు గలదు. మావికి రక్తమిచ్చు గర్భాశయనాళములు తగినంత విశాలము కానిచో, మావినుండి వెడలు పదార్థములు తల్లి రక్తనాళముల లోపొరను చెఱచును. కావున ఇది దిష్టి గాదు, గ్రహణదోషము గాదు, కోడలు తిన్న యూరగాయయు గాదు. ఉప్పు మాన్పించినందున ఈ వ్యాధి రాక మానదు. అత్తగార్లు నన్ను మన్నింతురు గాక.

కాళ్లకు నీరు వచ్చుట అనేకులకు గలదు; అది యొక్కటే వ్యాధి గాదు. ముఖము, చేతులు హఠాత్తుగా ఉబ్బుట, తగ్గని తలనొప్పి, చూపు మసకబాఱుట, కుడిప్రక్క డొక్క క్రింద నొప్పి, ఆయాసము ఇవి కనబడిన ఆ దినమే ఆసుపత్రికి పోవలయును. విచిత్రమేమనగా, పోటు పెరిగినను కొందఱికి ఏ బాధయు తెలియదు. అందుచేతనే ప్రతి పరీక్షకును పోయి పోటును, మూత్రమును చూపించుకొనవలయును. మన యిండ్లలో మధుమేహమును, క్రియోలున తాన్స్యోఁ యని చెప్పుకొను రక్తపుపోటును సామాన్యములు. అవి గలవారికిని, కవలలను మోయువారికిని, వెనుకటి కాన్పున ఈ వ్యాధి వచ్చినవారికిని, తల్లికిగాని అక్కచెల్లెండ్రకుగాని వచ్చియున్నవారికిని అపాయ మధికము. మూడవ నెలలోనే ఆ సంగతి వైద్యునకు చెప్పవలయును. ఏలయనగా అపాయము గలవారికి 16 వారములలోపుగా మొదలుపెట్టి స్వల్పమాత్ర ఆస్పిరిను ఇత్తురు. 2017లో ప్రకటింపబడిన యొక పరీక్షలో, రాత్రిపూట 150 మిల్లీగ్రాములు పుచ్చుకొన్నవారిలో నెలలు నిండకమునుపే వచ్చు వ్యాధి సగమునకు పైగా తగ్గినది. వైద్యుని యడుగక ఎవరును పుచ్చుకొనరాదు.

మన పిల్లకు పోటు తగ్గించు మందులును, మూర్ఛ రాకుండ మెగ్నీషియము సల్ఫేటును ఇచ్చిరి. ఈ మందు మూర్ఛల అపాయమును సగమునకు తగ్గించునని పదివేలమందికి పైగా స్త్రీలతో జరిపి 2002లో ప్రకటించిన పరీక్షలో తేలినది. శిశువు ఊపిరితిత్తులు బలపడుటకు సూదులు వేసిరి. మావి వెడలిననే గాని వ్యాధి కుదురదు గనుక, పది దినముల పిమ్మట శస్త్రచికిత్స చేసి మగశిశువును తీసిరి. బరువు 1,600 గ్రాములు. తల్లియు బిడ్డయు క్షేమము.

అయినను కాన్పుతో అపాయము తీఱిపోదు. కాన్పైన ఆఱు వారములలోపున, ముఖ్యముగా మొదటి వారమున, ఇది రావచ్చును. పురిటింట బాలెంత తలనొప్పి యనిన, మనము చలి సోకినదని చెవులలో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి పండుకొనబెట్టుదుము. గుడ్డ కట్టుడు, తప్పులేదు. పోటు మాత్రము ఆనాడే చూపింపుడు. రాత్రియైనచో 114కు ఫోను చేసిన అంబులెన్సు వచ్చును.

ఇప్పుడు సీమంతమునకు నన్ను పిలువవచ్చిన వారిని, ముహూర్తము చూచుటకు ముందు, కడపటి పరీక్షనాటి పోటు ఎంత యని యడుగుచున్నాను. ఇద్దఱు ముగ్గురు నొచ్చుకొనిరి. ఒకాయన కార్డు తెచ్చి చూపెను.