కారు మోజు తీరిందన్న భ్రమ

సంపన్న దేశాల్లో కారు ప్రయాణం శిఖరాన్ని తాకేసిందని, ఇక దిగడమే తరువాయి అని పదిహేనేళ్లుగా కొందరు రవాణా నిపుణులు చెబుతున్నారు. 2010 నాటి లెక్కలు చూస్తే ఎవరైనా నమ్ముతారు. అమెరికా, బ్రిటన్, జపాన్‌లలో కార్లు తిరిగే దూరం ఎదుగూబొదుగూ లేకుండా నిలిచిపోయింది. కుర్రకారు లైసెన్సులు తీసుకోవడం తగ్గించింది. కడుపు నిండినవాడు ఇంకో ముద్ద అడగనట్టు, జనం ఇక తిరుగుడు చాలనుకున్నారని దానికి భాష్యం చెప్పారు.

కడుపు నిండలేదు. కంచమే లాక్కున్నారు. 2008 జులైలో ముడిచమురు పీపా 147 డాలర్లకు చేరింది. ఆ వెంటనే బ్యాంకులు కూలాయి, ఉద్యోగాలు పోయాయి. పని పోయినవాడు రోజూ కారు తీసి ఎక్కడికి వెళ్తాడు? 2014 చివర్లో చమురు ధర పడిపోగానే మళ్లీ చక్రాలు కదిలాయి. అమెరికాలో అన్ని వాహనాలూ తిరిగిన దూరం 2007లో సుమారు 3.03 లక్షల కోట్ల మైళ్లు, 2019కి 3.26 లక్షల కోట్లు. తలసరి దూరం పాత శిఖరాన్ని దాటలేదు కదా అంటారు. నిజమే. కానీ గాలిలో చేరే పొగకు మొత్తమే లెక్క.

మనవాళ్లు పెద్దసంఖ్యలో స్థిరపడ్డ ఫ్రిస్కోనే చూడండి. 2000లో 34 వేల లోపున్న ఆ టెక్సాస్ ఊరి జనాభా 2020కి 2 లక్షలు దాటింది. డాలస్ ప్రాంతంలో రైళ్లు, బస్సులు నడిపే డార్ట్‌లో ఆ ఊరికి సభ్యత్వమే లేదు. పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు గుడికి పోవాలన్నా ఎవరో ఒకరు కారు తీసేదాకా ఎదురుచూడాల్సిందే. అలాంటి ఊళ్లు కట్టుకుంటూ పోతే కార్ల గిరాకీ దానంతటదే ఎలా ఆగుతుంది?

తగ్గిన చోట ఎవరో పూనుకుని తగ్గించారు. 2006లో స్టాక్‌హోమ్ ఏడు నెలలు ప్రయోగాత్మకంగా నగరంలోకి వచ్చే కార్ల మీద రుసుము వేస్తే రాకపోకలు సుమారు ఐదోవంతు తగ్గాయి. రుసుము ఎత్తేయగానే చాలావరకు మళ్లీ పెరిగాయి. 2007 ఆగస్టులో దాన్ని శాశ్వతం చేశాకే ఆ తగ్గుదల నిలిచింది. మోజు తీరినవాళ్లే అయితే, రుసుము పోగానే ఎందుకు తిరిగొచ్చారు?

ఈ భ్రమ పాలకులకు సుఖంగా ఉంటుంది. దానంతటదే తగ్గేదానికి ఓటర్ల కోపం ఎందుకు కొనితెచ్చుకోవాలి? ఈలోగా మైలుకయ్యే ఖర్చును ఇంకా తగ్గించే ఎలక్ట్రిక్ కార్లు వస్తున్నాయి. అవి రోడ్లు నింపకముందే మైలుకింతని రుసుము పెట్టాలి, ఆ డబ్బుతో ఫ్రిస్కో లాంటి ఊళ్లకు బస్సు వేయాలి.