లెక్కకు కావలి వలదా?

కోలారు బంగారు గనులు 2001వ సంవత్సరమున మూతపడినవి. గనిలో దిగిన వారి మనుమలనేకులు నేడు తెల్లవారకమునుపే రైలెక్కి బెంగుళూరునకు పోవుచున్నారు. వారిలో కంప్యూటరులకు లెక్కలు నేర్పువారును కలరు. వారి నోట మేము తరచుగా వినుచున్న మాట యొకటి కలదు: "ప్రోగ్రాములో సరిచూచు పరీక్షలు తయారీనాటికే, పనిలో పెట్టినపుడు తీసివేయవలెను, లేనిచో వేగము తగ్గును." ఈ వాదమును మేము అంగీకరింపజాలము.

సీ భాషలో ఎన్‌డీబగ్ అను ఒక్క మాటను నిర్వచించినచో 'అసర్ట్' పరీక్షలన్నియు మాయమగును. తీసివేయుట సులభమైనంత మాత్రమున వివేకమగునా? 3 కిలోమీటర్లకు మించిన లోతున, రాళ్లు పేలు మన ఛాంపియన్ రీఫు గనిలో, పైన నేర్చుకొనునపుడు ఊతములు పెట్టి, అడుగునకు దిగినపుడు తీసివేసిన వారు కలరా?

1996 జూన్ 4న ఐరోపావారి ఏరియేన్ 5 రాకెట్టు సుమారు 40 సెకనులకే ఆకాశమున పగిలిపోయినది. దాని మార్గమును చూపు లెక్కలలో హద్దు దాటగల రాశులు 7. కావలి పెట్టినది నాలుగింటికే. కంప్యూటరుపై భారము 80 శాతమును మించరాదని తక్కిన మూడింటిని విడిచిరి. పాత ఏరియేన్ 4కు సరిపోయిన ఆ లెక్కలో, కావలి లేని రాశి యొకటి 32,767ను దాటి, రెండు యంత్రములను దాదాపు ఒకేమారు మూగపుచ్చినది.

ఇక వేగము సంగతి. 1000 అవ్యక్తములు గల 1000 సమీకరణములను సాధించుటకు సుమారు 33 కోట్ల గుణకారములు కావలెను. వచ్చిన జవాబును తిరిగి వానిలో ప్రతిక్షేపించి చూచుటకు 10 లక్షలు చాలును. నూటికి ఒకటియైనను కాని ఈ ఖర్చునకు జంకవలెనా? చిట్టా కూడికను పైనుండి క్రిందికి చేసి, క్రిందినుండి పైకి సరిచూచిన గుమాస్తాలము మేము. అందువలన మాకు పని రెట్టింపైనది. అయినను సరిచూడని పద్దును ఆవర్జాకు ఎక్కింపలేదు.

పరీక్షలన్నియు ఒకటి కావు. క్రమములో నున్న 10 లక్షల సంఖ్యలలో ఒకదానిని వెదకుటకు 20 పోలికలు చాలును. క్రమము తప్పలేదని ప్రతిమారు చూచుటకు దాదాపు 10 లక్షలు కావలెను. అట్టిదానిని ఐచ్ఛికముగా ఉంచుడు, కాదనము. కాని కొలిచి, కారణము వ్రాసి తీయుట వేరు. అలవాటుగా తీయుట వేరు.

బల్లమీద ఆగిన లెక్కను మరల చేయవచ్చును. తప్పని తెలియక నమ్మిన లెక్కపై వంతెన కట్టినవారేమి చేయుదురు? కనుక మన యిండ్ల యువతీయువకులను మేము కోరునది యిది: పరీక్ష ఉండుటయే నియమము, తీయుట మినహాయింపు కావలెను, పరీక్ష తప్పినచో యంత్రమేమి చేయవలెనో అదియు ముందే వ్రాసియుంచవలెను.