దారి లేని చోట తోడు

అలాస్కా ఉత్తర భాగాన, ఆర్కిటిక్ వలయానికి ఆవల, బ్రూక్స్ పర్వతశ్రేణి నడుమ గేట్స్ ఆఫ్ ది ఆర్కిటిక్ అనే జాతీయోద్యానం ఉన్నది. రాబర్ట్ మార్షల్ అనే అటవీశాస్త్రజ్ఞుడు 1929 ప్రాంతంలో అక్కడ సంచరించి, నదికి ఇరువైపులా నిలిచిన రెండు శిఖరాలను ఉత్తర సీమకు ద్వారబంధాలుగా భావించి ఆ పేరు పెట్టాడు. 1980లో జాతీయోద్యానమైన ఈ ప్రదేశపు వైశాల్యం సుమారు 34,000 చదరపు కిలోమీటర్లు. మన పూర్వపు అనంతపురం, కడప జిల్లాలు రెండూ కలిపినంత నేల అది. అంత నేలలో రహదారి లేదు, యాత్రికుల కోసం వేసిన కాలిబాట లేదు, బస చేయడానికి సత్రం లేదు. చిన్న విమానంలో వెళ్ళి ఏ నదీతీరపు గులకరాళ్ళ మేట మీదనో దిగాలి. విమానం వెళ్ళిపోయిన తరువాత వీపున ఉన్న సంచియే ఇల్లు, వంటిల్లు, వైద్యశాల.

ఇటువంటి చోటికి ఒంటరిగా పోవడమే నిజమైన సాహసమని, తోడు ఉంటే దాని ఘనత సగం తగ్గుతుందని తలచేవారు నేడు ఎందరో ఉన్నారు. తన్ను తాను తెలుసుకోవడానికి ఏకాంతమే మార్గమని వారి వాదం. ఈ వాదంతో నేను ఏకీభవించలేను. ఏకాంతం మన ఊరి చెరువుగట్టు మీద కూడ లభిస్తుంది. దారి లేని నేల మనలను పరీక్షించేది ఏకాంతంతో కాదు. మన ప్రాణం మరొకరి చేతిలోను, మరొకరి ప్రాణం మన చేతిలోను పెట్టి పరీక్షిస్తుంది.

మొదట ఆ నేల స్వభావాన్ని గ్రహించాలి. అక్కడ వర్షపాతం తక్కువే. అయినా వేసవిలో ఎక్కడ చూచినా తడి. నేల కింద ఏడాది పొడవునా కరగని మంచుపొర ఉండటం వలన నీరు ఇంకే వీలు లేదు. ఆ తడినేలలో మోకాలి ఎత్తున గడ్డిదుబ్బులు పెరుగుతాయి. వాటి నెత్తిన అడుగుపెడితే దుబ్బు పక్కకు ఒరుగుతుంది. నడుమ పెడితే కాలు బురదలో దిగబడుతుంది. వీపున 20 కిలోలకు పైబడిన బరువుతో ఇట్లా నడిచేవానికి చీలమండ బెణికితే చాలు, గమ్యం చంద్రమండలమంత దూరమవుతుంది. అప్పుడు ఆ బరువును పంచుకొనేవాడు, గుడారం వేసి నీళ్ళు కాచి ఇచ్చేవాడు ఉండాలి. ఎలుగుబంట్లు తిరిగే పొదలలో నడిచేటప్పుడు గట్టిగా మాట్లాడుతూ పొమ్మని అనుభవజ్ఞులు చెబుతారు. మనిషి రాక ముందే తెలిస్తే ఆ జంతువు సాధారణంగా తప్పుకొంటుంది. మిత్రుల కబుర్లు కాలక్షేపమని మనం అనుకుంటాం; అక్కడ అవి రక్షణ సాధనం!

అన్నిటికంటె గడ్డు సమస్య నది. వంతెనలు లేవు. మంచు కరిగే వేసవిలో ఉదయం మోకాలి లోతున్న ఏరు సాయంత్రానికి నడుము దాకా రావచ్చు. కొండల్లో వాన పడితే ఇక చెప్పనక్కరలేదు. పాయలుగా చీలి వెడల్పుగా పారే చోటును వెదకి, జారిపడితే సంచిని వదిలించుకొనే వీలుగా దాని నడుముపట్టీ విప్పుకొని, ఒకరినొకరు పట్టుకొని దాటాలి. అయితే దాటే నేర్పు కంటె దాటకుండ ఆగే వివేకం గొప్పది. ఇద్దరిలో ఒకడు దాటుదామన్నప్పుడు రెండవవాడు వద్దంటే ఎవరి మాట చెల్లాలి? నా దృష్టిలో దీనికి ఒకే సమాధానం ఉన్నది. వద్దన్నవాని మాటే చెల్లాలి, అతడు ఇద్దరిలో బలహీనుడైనా సరే, అనుభవం తక్కువవాడైనా సరే. భయపడినవానిని పిరికివాడని ఎగతాళి చేసే స్నేహం బజారులో చెల్లుతుందేమో గాని ఏటిఒడ్డున ప్రాణం తీస్తుంది. బయలుదేరే ముందే ఇద్దరూ ఈ ఒడంబడిక చేసుకోవాలి.

ఉపగ్రహాల ద్వారా సందేశం పంపే చిన్న పరికరాలు నేడు వచ్చాయి కదా, ఇక తోడు ఎందుకు అని అడగవచ్చు. పరికరం తప్పక తీసుకొని పోవలసినదే. కాని మబ్బు దిగితే విమానం రాలేదు. ఎన్నాళ్ళు ఎదురుచూడాలో ఎవరూ చెప్పలేరు. కేక పెట్టే యంత్రం వేరు, కేక విని చేయి అందించే మనిషి వేరు.

ఇంకొక మాట కూడ చెప్పాలి. ఆ నేలను మనం నిర్జనమంటాం. అది బయటివారి మాట. ఉద్యానం నడుమనే అనాక్టువుక్ పాస్ అనే గ్రామంలో నునామియుట్ ప్రజలు నివసిస్తున్నారు. కారిబూ దుప్పుల వేట వారి జీవనాధారం. మనకు సాహసయాత్ర అయినది వారికి పెరటి నడక.

ఆర్కిటిక్ లో ఇద్దరే మనుషులు ఎంతకాలం, ఎట్లా నిలిచారో తెలుసుకోవాలంటే నార్వే దేశస్థులు ఫ్రిట్యోఫ్ నాన్సెన్, యాల్మార్ యొహాన్సెన్ ల యాత్రను గమనించాలి. నాన్సెన్ శాస్త్రజ్ఞుడు, యాత్రానాయకుడు. యొహాన్సెన్ ఎట్లాగైనా వెంట వెళ్ళాలనే కోరికతో ఫ్రామ్ నౌకలో బొగ్గు వేసే పనికి కుదిరినవాడు. 1895 మార్చి 14న వారిద్దరు 28 కుక్కలతో, మూడు స్లెడ్జి బండ్లతో, రెండు కయాక్ పడవలతో నౌకను విడిచి ఉత్తరధ్రువం వైపు సాగారు. ఏప్రిల్ 8న 86 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం చేరారు. అప్పటికి మానవుడు చేరిన ఉత్తరపు కొస అదే. మంచుగుట్టలు అడ్డుపడగా అక్కడినుంచి వెనుదిరిగారు. నా లెక్కలో ఆ రికార్డు కంటె వెనుదిరగటమే గొప్ప.

తిరుగుదారిలో ఒకనాడు ధ్రువపు ఎలుగు యొహాన్సెన్ ను పడగొట్టింది. అతడు దాని గొంతు పట్టుకొని, త్వరపడకపోతే ఆలస్యమవుతుందని నాన్సెన్ తో మర్యాద తప్పకుండ చెప్పాడట! నాన్సెన్ తుపాకితో కాల్చి అతనిని కాపాడాడు. తెరపి సముద్రం ఎదురైనప్పుడు, మిగిలిన రెండు కుక్కలను చంపక తప్పలేదు. తన కుక్కను తాను చంపుకోలేక ఒకరి కుక్కను మరొకరు కాల్చారు. ఈ చిన్న సంగతిలో ఉన్న స్నేహధర్మం నాకు పెద్ద గ్రంథాలలో కూడ కనబడలేదు.

ఆ శీతకాలమంతా ఫ్రాంజ్ జోసెఫ్ ద్వీపాలలో, రాళ్ళు పేర్చి వాల్రస్ తోళ్ళు కప్పిన గుంటలో, ఎలుగుమాంసం తింటూ గడిపారు. వేరు వేరుగా పడుకొని చూచి, చలికి తాళలేక ఒకే నిద్రసంచిలో దూరారు. అయినా అన్నాళ్ళూ ఒకరినొకరు ‘మీరు’ అనే పిలుచుకున్నారు. నార్వేజియన్ భాషలో కూడ మన భాషలో వలె మన్ననకు ఒక మాట, చనువుకు ఒక మాట అప్పట్లో వాడుకలో ఉండేవి. 1895 డిసెంబరు 31 రాత్రి గాని వారు ‘నువ్వు’ అనుకోవటానికి ఒప్పుకోలేదు. చనువు లేనిదే స్నేహం లేదనేవారు ఈ సంగతి ఆలోచించాలి. అంత ఇరుకులో తొమ్మిది నెలలు మనిషికీ మనిషికీ మధ్య కాస్త చోటు మిగిల్చినది ఆ ‘మీరు’ అనే మాటయే కావచ్చు. 1896 జూన్ 17న ఫ్రెడరిక్ జాక్సన్ అనే ఆంగ్ల అన్వేషకుడు తారసపడటంతో వారి కష్టాలు తీరాయి.

పదిహేనేళ్ళ తరువాత యొహాన్సెన్ అదే ఫ్రామ్ నౌకలో రోల్డ్ అముండ్సెన్ వెంట, ఈసారి దక్షిణధ్రువ యాత్రకు వెళ్ళాడు. 1911 సెప్టెంబరులో అముండ్సెన్ తొందరపడి చలి తగ్గకముందే బయలుదేరి, తిరిగి రావలసివచ్చింది. చివరి రోజున నాయకుడు కొందరితో ముందుగా శిబిరం చేరుకొన్నాడు. ప్రెస్ట్రుడ్ అనే సహచరుడు పాదాలు గడ్డకట్టి వెనుకబడ్డాడు. యొహాన్సెన్ ఆహారం, పొయ్యి కూడ లేకుండానే అతనికోసం ఆగి, అర్ధరాత్రి దాటాక శిబిరానికి చేర్చాడు. మరునాడు అందరి ఎదుట నాయకుని తప్పుపట్టాడు. అముండ్సెన్ అతనిని ధ్రువయాత్ర బృందంనుంచి తొలగించాడు. డిసెంబరు 14న ధ్రువం చేరిన ఐదుగురిలో యొహాన్సెన్ లేడు. ప్రెస్ట్రుడ్ ప్రాణాలతో ఇల్లు చేరాడు.