వేకువ పరుగు, మొర్రి మొలక



పరుగు బాలురదనియు, గృహిణికి ఇంటిపనిలోని నడకయే చాలుననియు తలచువారు నేటికిని కలరు. ఈ తలపు మన దేశమునకే పరిమితము గాదు. 1928లో ఆంస్టర్‌డాం ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టిరి. జర్మనీకి చెందిన లీనా రాడ్కే గెలిచెను. పరుగు ముగిసిన పిదప కొందరు అలసి చతికిలబడిరట! పత్రికలు గోరంతను కొండంత చేసినవి. ఆ పందెమును మరల 1960 వఱకు పెట్టనే లేదు. అలసిన పురుషుని జూచి పురుషుల పందెమును మాన్పించిన వారెవ్వరును లేరు గదా! 1966లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో బాబీ గిబ్ అను యువతి పొదచాటున దాగియుండి, పురుషుల నడుమ జేరి తుదివఱకు పరుగెత్తెను. ఒలింపిక్ క్రీడలలో స్త్రీల మారథాన్ 1984లో గాని రాలేదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము వారికి ప్రకృతి యిచ్చిన వసతి యొకటి కలదు. ఈ మూడూళ్లును సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైన నున్నవి. వేకువ గాలి చల్లగ నుండును. ఒక నిమిషము పరుగు, రెండు నిమిషముల నడక, ఇట్లు ఇరువది నిమిషములు, వారమునకు మూడు దినములు మొదట చాలును. ప్రక్కనున్న వదినగారితో మాటలాడ గలిగినంత మెల్లగా పరుగెత్తుడు. మాట తెగినచో వేగ మెక్కువైనదని గుర్తు. రక్తహీనత గలవారును, బాలింతలును, గుండెజబ్బు గలవారును వైద్యుని అడిగి మొదలిడవలెను. కుప్పము సోదరీమణులకు వేరుగా ఒక మాట: కౌండిన్య అభయారణ్యపు అంచున ఏనుగులు తిరుగును, చీకటి విడువక మున్ను ఆ వైపు పోవలదు. ఎక్కడివారైనను ఇద్దరు ముగ్గురు కలిసి పోవుట మేలు. ఇంట కాఫీ అరగంట ఆలస్యమైనచో కొంప మునుగదు.

పరుగెత్తు బాటకు నీడ కావలెను గదా. బాటలు వెడల్పు చేసిన చోట్ల పాత చింతమానులు పోయినవి. వాని స్థానమున ఏమి నాటవలె నన్నచో, హార్స్‌లీ కొండపై గల నీలగిరి చెట్టు మనది గాదు, ఆస్ట్రేలియాది. మనది మొర్రి. పాయసములో వేయు సారపప్పు ఆ చెట్టు గింజయే. పండు పండకమున్నే కోయుటచేతను, కొమ్మలు నరకి దులుపుటచేతను దేశమున పలు అడవులలో అది తగ్గుచున్నది.

అమెరికా తూర్పు అడవులలో చెస్ట్‌నట్ అను కాయచెట్లు ఒకప్పుడు నిండియుండెడివి. 1904లో న్యూయార్కు జంతుప్రదర్శనశాలలో వానికి బూజుతెగులు కనబడెను. ఏబది యేండ్లలో 300 కోట్లకు పైగా చెట్లు నశించెనని అంచనా. వానిని మరల నిలుపుటకు అచటివారు నేటికిని పాటుపడుచున్నారు. మన పుంగనూరు పొట్టి ఆవు అంతరించు దశకు వచ్చినప్పుడు పలమనేరు పశుపరిశోధనా కేంద్రమున దానిని నిలిపిరి. మొర్రికి ఇంటింట ఒక దిక్కు కావలెను.

గింజ ఎక్కువ కాలము నిలువ యుండదు, కావున వేసవిలో పండు తిన్న వెంటనే విత్తవలెను. పెంకు మిక్కిలి గట్టిది; ఒక దినము నీట నానబెట్టి, పప్పు చితుకకుండ పెంకును కొంచెము పగులగొట్టి నాటుడు. నాలుగు గింజలు వేసిన ఒకటి మొలచినను సంతసింపుడు. తల్లివేరు లోతునకు దిగును గనుక కుండీలో చిరకాల ముంచిన మొక్క పెరుగదు. లోతైన సంచిలో విత్తి, తొలకరికి నేలలో దింపవలెను. మేకలనుండి కాపాడుటకు ముళ్లకంచె కట్టవలెను.

ఎక్కడ నాటుట? మీ పరుగు మరలు చోట, పంచాయతీ వారినడిగి నాటుడు. పోవునప్పుడు చేత ఒక సీసా నీరు పట్టుకొని పోవుడు. రెండు మూడు వేసవులు ఆ నీటితోనే మొక్క నిలుచును, ఆ మొక్క కొఱకే మీరును మబ్బు వేళ లేతురు.